గోడ బయట గుడారం (ఆటల మీద మాటలు – 3)



పోయిన ఆదివారం రాసిన భాగం చదివి చాలామంది ఒకటే మాట అన్నారు. "అన్నా, లోకం పెద్దదైతే కథ పలచబడుద్ది. కథ చిక్కగా కావాలంటే లోకం చిన్నది చెయ్యాలి. రెండూ బ్యాలన్స్ చేసుకోవాలి" అని. ఈ బ్యాలన్స్ అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. రిజర్వేషన్లనీ మెరిట్‌నీ బ్యాలన్స్ చెయ్యాలంటూ టీవీల్లో కూర్చునేవాళ్ళు కూడా ఇదే తక్కెడ పట్టుకొస్తారు. తక్కెడ ఎవడి చేతిలో ఉంది, పళ్ళాల్లో ఏం పెట్టాడు అని మాత్రం అడగనివ్వరు.

అసలు ఆటలే ఆడని మిత్రుల కోసం రెండు ముక్కలు. రోల్ ప్లేయింగ్ గేమ్, అంటే ఆర్‌పీజీ, మనం ఒక పాత్రలోకి దూరి దాని తరఫున బతికే ఆట. ఓపెన్ వరల్డ్ అంటే ఆ ఆటలో కనిపించే ప్రతి కొండా ఎక్కవచ్చు, ప్రతి ఊరికీ వెళ్ళవచ్చు, ఏ పని ముందో ఏది తర్వాతో నీ ఇష్టం. గొడవ ఎక్కడంటే, కథకి ఒక వరస కావాలి, స్వేచ్ఛకి వరస ఉండకూడదు. ఈ రెంటికీ పడదని ఇరవై ఏళ్ళుగా పంచాయితీ నడుస్తోంది.

పడదనే మాట నేను ఒప్పుకోను. కథని చంపేది మైదానం వెడల్పు కాదు. ఆడేవాణ్ణి ఎక్కడా ఎవరూ కాదనకూడదు అనే ఒట్టు ఒకటి ఉంది చూశారా, అది చంపుతుంది. ఎలాగో ఒక ఆటలోకి తీసుకెళ్ళి చూపిస్తాను.

స్కైరిమ్. 2011 నవంబర్‌లో వచ్చింది. నేను ఆడింది చాలా ఏళ్ళ తర్వాత, సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌లో, ఫ్యాను రైసుమిల్లులా మోగుతుంటే. అందులో పది జాతులున్నాయి, ఒకటి ఎంచుకోవాలి. నేను ఖజీత్‌ని ఎంచుకున్నా. పిల్లి మొహం, తోక, గోళ్ళు. మొదటి ఊరు దాటి వైట్‌రన్ అనే కోట పట్నం దగ్గరికి నడుచుకుంటూ వెళ్ళా. గోడ బయట, రోడ్డు పక్కన ఒక గుడారం. అందులో రిసాద్ అనే ముసలి ఖజీత్, అతని బిడారు. సరుకులమ్ముతారు. పట్నంలోకి వెళ్ళి అమ్ముకోవచ్చు కదా అంటే కథ బయటపడుతుంది. వాళ్ళని గోడ లోపలికి రానివ్వరు. దొంగలనీ, మత్తుమందు అమ్ముతారనీ పేరు. మంచులో, గాలిలో, గోడ బయటే పడుకోవాలి. ఊళ్ళోవాళ్ళకి వాళ్ళ సరుకు కావాలి. మనుషులు అక్కర్లేదు.

నేను లాప్‌టాప్ ముందు నిటారుగా కూర్చున్నా. ఇది నాకు తెలిసిన భూగోళం. ఊరు, ఊరికి బయట వాడ. స్వీడన్ మంచునీ వైకింగుల ఇళ్ళనీ కలలు కంటూ అమెరికా వాళ్ళు కట్టిన లోకంలో మా వాడ ఎలా దూరింది?

ఇప్పుడు నా పాత్రని లేపి ద్వారం దగ్గరికి నడిపించా. రిసాద్ తోకే నాదీ. కాపలావాడు ఆపాడు. గుండె ఝల్లుమంది. వాడు అడిగింది ఏమిటో తెలుసా? డ్రాగన్ తిరుగుతోంది, ఏదైనా అధికారిక పని ఉంటేనే లోపలికి అన్నాడు. పక్క ఊరికి సాయం కావాలని చెప్పా. తలుపు తెరిచాడు. పది జాతుల్లో ఎవరొచ్చినా ఇదే ప్రశ్న, ఇదే జవాబు. లోపలికి వెళ్ళా, పాలకుడి ముందు నిలబడ్డా, ఒక డ్రాగన్‌ని చంపా, ఆ పట్నానికి థేన్ అనే బిరుదు ఇచ్చారు. ఐదు వేల బంగారు నాణేలకి గోడ లోపల ఇల్లు కొన్నా. కాపలావాళ్ళు అప్పుడప్పుడూ జాతి పేరు పెట్టి ఒక మాట విసురుతారు, అంతే. కొత్త ఇంటి తాళం జేబులో వేసుకుని బయటికొచ్చా. రిసాద్ గోడ బయటే ఉన్నాడు. నన్ను చూసి సరుకు కావాలా అన్నాడు.

అంతే, ఇంకేమీ జరగదు. అతన్ని లోపలికి తీసుకెళ్ళే క్వెస్ట్ అసలు ఆటలో లేదు. నేను థేన్ అయ్యానుగా, పాలకుణ్ణి అడగవచ్చుగా? అడగడానికి వాక్యమే ఇవ్వలేదు. కాలేజీ ఆఫ్ వింటర్‌హోల్డ్‌కి పెద్ద మాంత్రికుణ్ణి కావచ్చు, పెద్దగా మంత్రం రాకపోయినా. దొంగల ముఠాకి నాయకుణ్ణి కావచ్చు. యోధుల సంఘానికి పెద్దని కావచ్చు. అన్నీ ఒకే మనిషి, ఒకే జన్మలో. ఇన్ని కుర్చీలిచ్చారు, నా జాతివాడు గోడ దాటడానికి ఒక్క మాట ఇవ్వలేదు.

విండ్‌హెల్మ్ పట్నంలో ఇంకా ఘోరం. ఆర్గోనియన్లు, అంటే బల్లి మొహం వాళ్ళు, రేవులో మూటలు మోస్తారు. కాపురం రేవులోనే, గోడ బయట. పాలకుడి ఉత్తరువు. డార్క్ ఎల్ఫ్‌లకి లోపల ఒక మురికి పేట కేటాయించారు. ఇవన్నీ రాసినవాళ్ళకి కళ్ళున్నాయి, నేను కాదనను. కానీ నువ్వు ఆర్గోనియన్‌గా ఆడు. రేవులో మూటలు మోసేవాళ్ళ పక్కనుంచి, అదే చర్మంతో, దర్జాగా పెద్ద ద్వారంలోంచి లోపలికి నడిచిపోతావు. నిన్నెవరూ ఆపరు.

కథ చచ్చిపోయిన చోటు ఇదీ. మైదానం పెద్దదైనందుకు చావలేదు. గోడ నిజమని ఒక పక్క చెబుతూ, నీకు మాత్రం అది లేదని ఇంకో పక్క కన్ను కొట్టారు. అప్పుడు రిసాద్ గుడారం ఏమైంది? గోడకి అంటించిన బొమ్మ అయింది. మన బతుకు వాళ్ళకి వాల్‌పేపర్.

ఎందుకు చేశారో నాకు అర్థం కాక కాదు. పది జాతుల్లో ఒకదానికి తలుపు మూస్తే, లోపల కట్టిన పదుల గంటల ఆటంతా ఆ ఆటగాడికి పోతుంది. డబ్బులు పెట్టి కొన్నవాడు ఊరుకుంటాడా? ఇంకోటి, స్కైరిమ్‌లో ప్రతి మాటా ఒక నటుడి గొంతుతో రికార్డు చెయ్యాలి. పది జాతులకి పది రకాల స్వాగతం రాయాలంటే పది రెట్ల ఖర్చు. అదే కంపెనీ 2002లో మారోవిండ్ తీసినప్పుడు సంభాషణ చాలామటుకు అక్షరాల్లోనే ఉండేది. అక్షరం చవక. అందుకే ఆ లోకం నోరు పెద్దది. పరాయిదానివి, బయటివాడివి అని నీ మొహం మీదే అంటుంది. అందులో ఖజీత్‌లూ ఆర్గోనియన్లూ బానిసలు, వాళ్ళని రహస్యంగా విడిపించే ఒక సంఘం కూడా ఉంటుంది, నువ్వు సాయం చెయ్యవచ్చు. కథకి ఆధారమైన మనిషిని నువ్వు చంపేస్తే ఆట ఆపదు. భవిష్యవాణి దారం తెగిందనీ, కావాలంటే వెనక్కి వెళ్ళు, లేదంటే నువ్వు పాడుచేసిన లోకంలోనే బతుకు అనీ చెప్పి ఊరుకుంటుంది. స్కైరిమ్‌లో ముఖ్యమైనవాళ్ళు చావనే చావరు. ఎంత నరికినా మోకాళ్ళ మీద పడి మళ్ళీ లేస్తారు.

పక్కమాట ఒకటి. మారోవిండ్‌లో ఖజీత్, ఆర్గోనియన్ పాత్రలు బూట్లు వేసుకోలేవు. కాళ్ళ ఆకారం వేరు అనేదే కారణం, ఇంకేం లేదు. కానీ నేను మా తాత కొడుకు కొడుకుని. చెప్పులు చేత్తో పట్టుకుని వీధి దాటిన మనిషి కథ వింటూ పెరిగినవాణ్ణి. బూట్లు తొడగబోతే ఆట కుదరదన్నప్పుడు నాకు కాళ్ళ ఆకారం గుర్తు రాలేదు. తర్వాతి ఆటల్లో ఆ అడ్డు తీసేశారు. మంచిదే. దాంతోపాటు లోకం నిన్ను గుర్తుపట్టడం కూడా తీసేశారు.

"మరి కాదనే లోకంలో స్వేచ్ఛ ఎక్కడుంటది?" అంటారా? 2010 నాటి ఫాల్‌అవుట్: న్యూ వేగస్ చూడండి. అబ్సిడియన్ అనే కంపెనీ ఏడాదిన్నరలో చేసింది, బగ్గులతో బయటికొచ్చింది, తిట్లు తిన్నది. నాకు మాత్రం ఈ విషయంలో అంతకంటే పెద్ద పాఠం లేదు.

అణుయుద్ధం తర్వాతి అమెరికా ఎడారి. నువ్వు ఉత్తరాలూ సరుకులూ మోసే కొరియర్‌వి. నిన్ను కాల్చి గుంటలో పూడ్చిన మనిషిని వెతుక్కుంటూ వెళ్ళాలి. గుడ్‌స్ప్రింగ్స్ అనే చిన్న ఊళ్ళో లేస్తావు. రాత్రి చూస్తే వేగస్ దీపాలు కనిపిస్తాయి. ఉత్తరంగా నేరుగా వెళ్తే దగ్గర. వెళ్ళవద్దని ఏ గోడా లేదు. వెళ్తే డెత్‌క్లాలు చీల్చేస్తాయి, కాజడోర్ అనే విషపు కందిరీగలు కుట్టి చంపుతాయి. అందుకని దక్షిణంగా చుట్టు తిరగాలి. ప్రిమ్, నిప్టన్, నోవాక్. ఈ చుట్టుదారే కథ. నిప్టన్‌లో సీజర్స్ లీజియన్ అనే బానిసల సైన్యం ఊరివాళ్ళందరికీ లాటరీ పెట్టి, శిలువల మీద వేలాడదీసిన దృశ్యం చూస్తావు. లీజియన్ ఎలాంటిదో నీకు ఎవరూ లెక్చర్ ఇవ్వలేదు. కాళ్ళతో నడిచి తెలుసుకున్నావు. వేగస్ చేరేసరికి ఆ ఎడారిలో ఎవరెవరికి ఎవరితో లెక్కలున్నాయో నీ ఒంటికి పట్టి ఉంటుంది. దమ్ముంటే ఉత్తరం దారినే నక్కి నక్కి వెళ్ళవచ్చు కూడా, వెళ్ళినవాళ్ళున్నారు. దారి తెరిచే ఉంది. దానికో ధర ఉంది.

వేగస్ దగ్గర మళ్ళీ గోడ. లోపల స్ట్రిప్ అనే జూద వీధి, వెలుగులు. బయట ఫ్రీసైడ్, ఆకలి. ద్వారం దగ్గర రోబోలు రెండు వేల క్యాపులు చూపించమంటాయి, క్యాపులంటే ఆ లోకంలో డబ్బు. లేదా పాస్‌పోర్ట్ చూపించాలి. నువ్వే హీరోవి, అయినా చూపించాలి. డబ్బు లేకపోతే ఫ్రీసైడ్‌లో తిరుగు, పని చెయ్యి, దొంగ పాస్‌పోర్ట్ కొను, ఎవరినో ఒకరిని పట్టుకో. అలా తిరుగుతుంటే ఫ్రీసైడ్ మనుషులు నీకు మనుషులవుతారు. ఆడ పాత్రతో ఆడితే లీజియన్ కోటలో మల్లయుద్ధపు గోదాలోకి దిగనివ్వరు. ఆటలో ఒక ముక్క నీకు దక్కదు. దక్కకపోవడంలోంచే నీకు కోపం వస్తుంది. ఆఖరికి ఆనకట్ట మీద యుద్ధంలో ఎవరి పక్కన నిలబడతావో తేల్చుకోవాలి. ఒకరి చెయ్యి పట్టుకుంటే మిగతావాళ్ళ తలుపులు మూసుకుంటాయి. అందరికీ నాయకుడివి కాలేవు.

ఇక్కడ ఓపెన్ వరల్డూ ఉంది, కథా ఉంది. ఎవరు ఏ పళ్ళెంలో ఎంత తగ్గించారు, చెప్పండి?

విచర్ 3 అభిమానులు ఈపాటికి గొంతు సవరించుకుంటున్నారని తెలుసు. 2015లో పోలండ్ నుంచి వచ్చిన ఆట. గెరాల్ట్ అనే విచర్ మన పాత్ర. దయ్యాల్నీ భూతాల్నీ చంపి కూలి తీసుకోవడం వాడి వృత్తి. ఊళ్ళోకి అడుగుపెడితే మొహం మీద ఉమ్ముతారు, పిల్లల్ని లోపలికి లాక్కుంటారు. బావిలో దయ్యం దూరిందంటే మాత్రం వాడే కావాలి. పని అయ్యాక కూలి దగ్గర బేరం. ఊరి చావుని మోసేవాణ్ణి ఊరు ఎలా చూస్తుందో మనకి పోలండ్‌వాళ్ళు చెప్పాలా? అయినా చెప్పారు, బాగా చెప్పారు. వెలెన్ అనే యుద్ధపు బురదనేలలో బ్లడీ బ్యారన్ కథ ఉంది. తాగి భార్యని కొట్టిన మనిషి, పారిపోయిన భార్య, తండ్రిని అసహ్యించుకునే కూతురు. ఎక్కడో కొండ కింద చెట్టులో బందీగా ఉన్న ఒక ఆత్మని నువ్వు వదిలితే బురదలోని అనాథ పిల్లలు బతుకుతారు, బ్యారన్ భార్య చనిపోతుంది, బ్యారన్ ఉరేసుకుంటాడు, ఒక పల్లె నాశనమవుతుంది. చంపితే ఆమె మతి చెడినా బతుకుతుంది, పిల్లలు దక్కరు. చేసినప్పుడు నీకు ఇదేమీ తెలియదు. తెలిశాక రాత్రి నిద్ర పట్టదు.

అదే ఆటలో స్కెల్లిగె దీవులకి వెళ్ళు. సముద్రం నిండా ప్రశ్నార్థకాలు. పడవేసుకుని ఒక్కోదాని దగ్గరికి వెళ్తే నీళ్ళలో తేలే పీపాలు, మూటలు. పదులకొద్దీ ఉన్నాయి. కన్నకూతురు లాంటి సిరిని వైల్డ్ హంట్ తరుముతుంటే గెరాల్ట్ పీపాలు ఏరుకుంటూ, సత్రాల్లో గ్వెంట్ పేకాట ఆడుకుంటూ ఉంటాడు. నువ్వు ఎన్నాళ్ళు ఆడినా సిరి ఆగుతుంది. తరిమేవాళ్ళు కూడా ఆగుతారు. ఫాల్‌అవుట్ 4లో అయితే పసిబిడ్డని ఎత్తుకుపోయారు, తల్లో తండ్రో గుడిసెలకి రేకులు కొడుతూ కూర్చోవచ్చు.

దొర గడప దాటి బయటికొచ్చేదాకా ఊరంతా చేతులు కట్టుకు నిలబడేది ఒకప్పుడు. ఈ ఆటల లోకాలన్నీ అలాగే నిలబడతాయి. శత్రువు నిలబడతాడు, వాన నిలబడుతుంది, చావు నిలబడుతుంది. దీన్ని స్వేచ్ఛ అంటున్నారు. ఇది దొరతనం. ఇంకెవరికీ సొంత పని, సొంత గడియారం లేని చోట ఒక్కడికి ఉండేదాన్ని స్వేచ్ఛ అనరు.

గడియారం ఉన్న ఆట లేకపోలేదు. 2018లో చెక్ దేశం నుంచి కింగ్‌డమ్ కమ్: డెలివరెన్స్ వచ్చింది. 1403 నాటి బొహీమియా, కమ్మరి కొడుకు హెన్రీ. వాడికి చదవడం రాదు. పుస్తకం తెరిస్తే అక్షరాలు కలగాపులగంగా కనిపిస్తాయి. పంతులు దగ్గర కూర్చుని నేర్చుకోవాలి. బట్టలు మాసి ఉంటే మనుషులు మాట్లాడే తీరు మారుతుంది. ఒక ఊళ్ళో రోగం వస్తుంది, నువ్వు ఊరేగుతూ ఆలస్యం చేస్తే జనం చచ్చిపోతారు. నాకు తెగ నచ్చేసింది. అక్షరం కోసం కమ్మరి కొడుకు పడే పాటు చూసి కళ్ళు చెమర్చాయి కూడా. తీరా చివరికొచ్చేసరికి ఏం తేల్చారు? (ఆడాలనుకునేవాళ్ళు ఈ రెండు లైన్లూ వదిలెయ్యండి.) వీడు కమ్మరి రక్తం కాదంట, దొరగారి కొడుకంట! మన పాత సినిమాల్లో గుడిసెలో పెరిగిన హీరో క్లైమాక్స్‌లో జమీందారు వారసుడని తేలేవాడే, అచ్చం అదే. అక్కడ లాప్‌టాప్ మూసి టీ తాగడానికి వెళ్ళిపోయా.

ఇప్పుడు అసలు దెబ్బ. ఈ వ్యాసం ముసాయిదా చదివి ఒక చెల్లి అడిగింది: "అన్నా, బయట ఎలాగూ ప్రతి గడప దగ్గరా ఆపుతారు. ఆటలోనైనా ఎవడూ ఆపకుండా తిరగనియ్యి. అక్కడ కూడా నాకు గోడ కావాలా?"

రెండు రోజులు జవాబు రాయలేదు. ఎందుకంటే ఆమె చెప్పేది నేను అనుభవించినదే. హాస్టల్లో ఉన్నప్పుడు వార్డెన్ కన్నుగప్పి నెట్ సెంటర్‌కి పోయి, గంటకి డబ్బులు పోగేసి జీటీఏ శాన్ ఆండ్రియాస్ ఆడేవాళ్ళం. మిషన్ ఒక్కటీ చేసేవాళ్ళం కాదు. సైకిలెక్కి ఊరికే తిరగడం. నల్లటి కుర్రాడు పట్నమంతా సైకిలు తొక్కుతుంటే ముగ్గురం ఒక కుర్చీ చుట్టూ నిలబడి చూసేవాళ్ళం. ఆ సుఖాన్ని తక్కువ చేసి మాట్లాడితే నా నోరు పడిపోతుంది.

కాబట్టి చెల్లీ, నిన్ను అవమానించమని నేను ఏ ఆటనీ అడగడం లేదు. గోడ లేని లోకం కట్టదలిస్తే కట్టమను, హాయిగా తిరుగుదాం. అసలు నచ్చనిది, గోడ కట్టి, దాని బయట మనవాళ్ళని కూర్చోబెట్టి, వాళ్ళ చలిని అందంగా చిత్రించి, నీ ఒక్కదానికి దొడ్డిదారి తెరవడం. నువ్వు లోపలికెళ్ళగానే ఆ గోడ నీకు కనపడదు. రిసాద్ మాత్రం అక్కడే ఉంటాడు. మనలో ఒకడికి కుర్చీ ఇచ్చి, ఇంకేం గొడవ లేదుగా అనేవాళ్ళని బయట చూడలేదా? గోడ పెట్టావా, నన్ను దానికి భుజం ఆనించనియ్యి. పడుతుందో లేదో తర్వాత సంగతి.

మహద్ గుర్తు చేసుకోండి. 1923లో బొంబాయి కౌన్సిల్ తీర్మానం చేసింది, బహిరంగ నీటివనరులు అందరివీ అని. 1924లో మహద్ మునిసిపాలిటీ చవదార్ చెరువు తెరిచామని రాసుకుంది. కాగితం మీద ఆ మ్యాప్ మొత్తం ఓపెన్. 1927 మార్చి 20న బాబాసాహెబ్ జనంతో నడిచివెళ్ళి నీళ్ళు దోసిట్లోకి తీసుకునేదాకా అది ఓపెన్ కాలేదు. తీసుకున్నాక దాడి చేశారు, ఆ పైన చెరువుని శుద్ధి చేశామన్నారు. ఒక చెరువు, ఒక పట్నం, నాలుగడుగుల మెట్లు. దాని కథ ఎంత పెద్దదో మీకు నేను చెప్పాలా?

ఇదంతా ఇప్పుడెందుకు రాశానంటే, మన పిల్లల్లో కొందరు గేమ్ డిజైన్ చదువుతున్నారు. కొందరు హైదరాబాద్‌లో విదేశీ ఆటలకి బండలూ చెట్లూ కోటగోడలూ గీసే ఉద్యోగాల్లో ఉన్నారు. ఎవరి గోడలో మనం గీస్తున్నాం, మన చేత్తో. అలాంటి ఒక తమ్ముడు సొంతంగా చిన్న ఆట చేస్తున్నాడు. మొదట వాడి ప్లాను వింటే నవ్వొచ్చింది: రెండు జిల్లాలంత మ్యాప్, మూడొందల క్వెస్ట్‌లు. ఒక్కడే చేసేవాడు. 2019లో వచ్చిన డిస్కో ఎలీజియం ఆడమన్నా. అందులో ఉన్నది మార్టినేజ్ అనే ఒక్క రేవు పేట. నువ్వు ఎవరితోనైనా మాట్లాడితేనే గడియారం కదులుతుంది. చెట్టుకి వేలాడుతున్న శవం, సమ్మెలో ఉన్న రేవు కార్మికులు, తాగి తన పేరే మర్చిపోయిన పోలీసు. ఆ పేటలో అటూ ఇటూ ఎంతైనా తిరుగు, ప్రతి మనిషికీ నీ మీద ఒక అభిప్రాయం ఉంటుంది. అవార్డు తీసుకుంటూ వేదిక మీద మార్క్స్, ఎంగెల్స్‌లకి ధన్యవాదాలు చెప్పింది ఆ ఆట చేసినవాళ్ళే.

తమ్ముడు మ్యాప్ కుదించాడు. ఇప్పుడది ఒక ఊరు, ఒక వాడ, ఒక చెరువు, ఏడు రోజులు. మొదట్లో ఎవరి ఇంట్లో పుట్టావో ఎంచుకుంటావు. దాన్నిబట్టి టీ కొట్లో నీకు గ్లాసు ఏ గూట్లోంచి వస్తుందో మారుతుంది. తూర్పు వీధి కొందరికి తెరిచి ఉంటుంది, కొందరికి లేదు. క్లాసులో పదిమంది చేత ఆడించాడు. నలుగురు ఒకే రిపోర్ట్ రాసిచ్చారు: తూర్పు వీధి దగ్గర పాత్ర ముందుకి కదలడం లేదు, బగ్, సరిచెయ్యండి అని.

నిన్న రాత్రి ఫోన్ చేశాడు. "ఏం చెయ్యమంటావన్నా, తీసెయ్యనా?"

తీయొద్దన్నా. కానీ తప్పు వాళ్ళది మాత్రమే కాదు, నీది కూడా అన్నా. అక్కడ నువ్వు కనపడని గోడ పెట్టావు, అందుకే వాళ్ళకి బగ్‌లా అనిపించింది. ఆ వీధి మొదట్లో అరుగు మీద ఒక మనిషిని కూర్చోబెట్టు. వాడికి పేరు పెట్టు, చేతిలో వక్కాకు పెట్టు. నిన్ను చూడగానే "ఎవరబ్బాయివిరా?" అని అడగనియ్యి. జవాబుగా ఏమేం చెప్పవచ్చో నాలుగు వాక్యాలు రాయి. నాలుగోది వాణ్ణి ఎదురు ప్రశ్న అడిగేదిగా ఉండాలి.

ఆ నాలుగో వాక్యం ఇంకా కుదరలేదంట. మీలో ఎవరికైనా తడితే రాసి పంపండి, వాడికి చేరుస్తాను. వచ్చే ఆదివారం ఆ ఊరి మ్యాప్ గురించి.